పాత చీటీ

క్లాక్స్‌విక్ రేవులో తెల్లవారుజాము నాలుగున్నర.
వాన పైనుంచి కాదు, పక్కనుంచి కొడుతోంది.
చేపల వేలం ఆరింటికి.
సర్వర్ లేవనంటోంది.

తడి కోటు విప్పకుండానే కూర్చుంది రన్వా.
స్టార్ట్ అంది.
ఊపిరి తీసుకున్నట్టే తీసుకుని
ఎర్రక్షరాల్లో విఫలం అంది తెర.
మళ్లీ అడిగింది. మళ్లీ అదే.
మూడోసారి ఆమె వేళ్లలో బతిమాలుకోలు ఉంది,
యంత్రానికి అది వినపడదు.

ఫైలు ఉంది. ఉండాల్సిన చోటే ఉంది.
యజమాని పేరు సరిపోయింది.
చదవొచ్చు, రాయొచ్చు, నడపొచ్చు.
మూడు తలుపులూ బార్లా తెరిచే ఉన్నాయి.
తను తెరిస్తే తెరుచుకుంది కూడా, గలగలా, మొదటి వరస నుంచి చివరి దాకా.
సర్వీసు తెరవబోతే మాత్రం
అనుమతి లేదు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే,
పూజారి ఎక్కడ కూర్చున్నాడో కూడా తెలియని గుడి ఇది.

కింద షెడ్డులో ఫోర్క్‌లిఫ్ట్ వెనక్కి నడుస్తూ కూస్తోంది.
రెండు పడవలు సరుకు దించేశాయి,
మూడోది మలుపు దగ్గర దీపం ఊపుతోంది.
హెర్గైర్ మెట్లెక్కి వచ్చాడు, బూట్లలోంచి సముద్రం కారుతూ.
గొంతుతో వేలం పాడిన కాలం మనిషి.
"గంట ఉంది ఇంకా, బీరువాలో" అన్నాడు.
ఎగతాళో, సాయమో.

తోర్స్‌హావ్న్ నుంచి ఫోన్లో త్రోందుర్, దుప్పటి కింది గొంతుతో:
"కాపలా ఆపెయ్. ఒక్క మాట టైపు చెయ్యి, లేచి కూర్చుంటుంది.
అందరూ చేసేదే. సోమవారం చూసుకుందాం."

సోమవారాల సంగతి ఆమెకి తెలుసు.
పోయినేడాది వెనక తలుపు గొళ్ళెం విరిగితే
సోమవారం దాకా అని తాడు కట్టారు.
ఆ తాడు ఇప్పటికీ ఉంది.
తలుపుతో పాటు దానికీ రంగు వేశారు.

వేలు ఆ మాట దాకా వెళ్ళి
వెనక్కి వచ్చింది.

చిట్టా తెరిచింది.
నిరాకరించాను, నిరాకరించాను, నిరాకరించాను,
ప్రతి వరసలోనూ కాపలావాడు దాచకుండా రాసే పెట్టాడు:
ఎవరొచ్చారు, ఏమడిగారు,
అడిగినదాని మెడలో ఏ చీటీ ఉంది.
చీటీ మీద ఉంది: ఇంటి సామాను.

నిన్న సాయంత్రం. ఆరు దాటింది.
చెల్లెలి పడవ వెళ్ళిపోతుందన్న తొందర.
తన సొంత ఫోల్డర్లో రాసుకున్న ఫైలు
నకలు తియ్యకుండా, ఉన్నదున్నట్టు ఎత్తి తెచ్చి
ఇక్కడ పడేసిన చెయ్యి ఎవరిది?
ఫైలు ఇల్లు మారింది.
మెడలో చీటీని ఎవరూ మార్చలేదు.

"ఏమిటంట?" అన్నాడు హెర్గైర్.
"పెట్టె మీద వేరే పడవ చీటీ ఉంటే ఏం చేస్తావు?"
"కాటా ఎక్కించను."
"చేప కళ్ళు తళతళలాడుతున్నా?"
"చేపనెవడడిగాడు?"
"అదీ సంగతి."
కాసేపు తెర వైపు చూశాడు,
కొత్తగా పనిలో చేరినవాణ్ణి అంచనా వేస్తున్నట్టు.
"మంచి కుర్రాడే" అన్నాడు.

చీటీలు సరిచెయ్యమని చిన్న ఆజ్ఞ.
తుమ్మినంత సేపు పట్టలేదు.
స్టార్ట్.
ఈసారి ఊపిరి తీసుకుని, వదిలింది.
ఆకుపచ్చ.

ఐదు యాభై రెండు. గోడ మీద ధరల పలక వెలిగింది.
మొదటి లాటు హ్యాడక్, మూడొందల నలభై కిలోలు.
కింద ఎవరో ఈల వేశారు, దీనికోసం కాదు.

నోటుపుస్తకంలో కారణం అన్న గడిలో
సర్వర్ సమస్య అని రాసింది.
చూసుకుంది. కొట్టేసింది.
నేను, అని రాసింది.
కింద సన్నగా: ఎత్తి తేవద్దు, నకలు తియ్యి.

అప్పుడు విప్పింది కోటు.
కుర్చీ కింద చిన్న మడుగు,
అందులో ఆకుపచ్చ దీపం ఒకటి
ఆరుతూ, వెలుగుతూ.